మూడు డాక్‌లు, ఒక కాటి సీను

డాక్ కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట: మీ దగ్గర ఇప్పటికే ఒకటుంది. ఫోన్లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి, టీవీలో ఒకటి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో చెవికొకటి. పాట ఫైల్లో ఉన్నంతసేపూ అంకెల వరసే. సీడీ లెక్క ప్రకారం సెకనుకి 44,100 అంకెలు ఎడమ చెవికి, అన్నే కుడి చెవికి. ఆ అంకెల్ని వోల్టేజీగా మారిస్తే గానీ హెడ్‌ఫోన్‌లో పల్చటి పొర కదలదు. మార్చే పరికరం పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, పొట్టిగా డాక్. కాబట్టి అసలు అడగాల్సింది, ఉన్నదాన్ని పక్కన పెట్టి ఇంకోటి కొంటే అదనంగా ఏమన్నా వినపడుతుందా అని.

మా ఇంట్లో ఈ ప్రశ్న కొంచెం సున్నితమైంది. మా పెదనాన్న తెనాలి దగ్గర ఊళ్ళో పొలం చేసుకునేవాడు. శ్రీరామనవమి పందిళ్ళ రోజుల్లో మాత్రం హరిశ్చంద్రుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటి సీను పద్యాలు ఆయన పాడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లు కట్టుకుని వచ్చేవారట. పద్యం చివర రాగం తీస్తే వన్స్‌మోర్ పడాల్సిందేనట. నాకు ఊహ తెలిసేసరికే ఆయన వేషం కట్టడం మానేశాడు. 2004లో పోయాడు. మిగిలింది ఒక్క కేసెట్టు. 1991లో స్టేజీ ముందు బల్ల మీద టూ ఇన్ వన్ పెట్టి ఎవరో రికార్డు చేసింది. దాన్ని 2009లో మా అన్నయ్య, అంటే ఆయన కొడుకు, ఒక షాపులో ఇచ్చి సీడీ చేయించాడు. ఇప్పుడా ఫైలు మా చుట్టాలందరి ఫోన్లలోనూ ఉంది. ఎవరూ పెద్దగా వినరు. ఒక్క అన్నయ్య వింటాడు.

అన్నయ్య మియాపూర్‌లో ఉంటాడు. రెండేళ్ళ కిందట డెబ్భై వేలు పోసి ఒక డాక్ కొన్నాడు. ఇటుకరాయంత బరువు, ముందు ఒక్క చిన్న లైటు. నేను వెళ్ళినప్పుడల్లా హెడ్‌ఫోన్స్ నా నెత్తిన పెట్టి, ఫైలు మొదలుపెట్టి, నా మొహంలోకి చూస్తూ కూచుంటాడు. "వినవే. నాన్న గొంతు ముందుకొచ్చిందా లేదా?"

మొన్న నాకు జీతం పెరిగింది. నేనూ ఒకటి కొందామనుకుంటున్నానని నోరు జారాను. "ఐతే ఇదే కొను" అన్నాడు. "కొనేముందు పోల్చి చూడనీ" అన్నాను. "పోల్చు. నేనూ చూస్తా" అన్నాడు. ఆ మాటకి నాకు కొంచెం భయం వేసింది. యంత్రాన్ని పరీక్షించడం తేలికే. కానీ ఆయన ఆ యంత్రంలోంచి వింటున్నది వాళ్ళ నాన్నని.

*

పోలికలోకి వెళ్ళేముందు ఒక అపోహ గురించి చెప్పాలి. డిజిటల్ అంటే మెట్లు మెట్లుగా కోసిన శబ్దమనీ, ఖరీదైన డాక్ ఆ మెట్లని నున్నగా చేస్తుందనీ చాలామంది అనుకుంటారు. చుక్కల ముగ్గు గుర్తుచేసుకోండి. ఒకే చుక్కల మీద పది రకాల ముగ్గులు వెయ్యొచ్చు. ఇక్కడ మాత్రం కుదరదు. "22,050 హెర్ట్జ్‌కి పైనున్న శబ్దం ఏదీ ఇందులో లేదు" అన్న ఒక్క నియమం పెడితే, సెకనుకి 44,100 చుక్కల గుండా పోయే గీత ఒక్కటే ఉంటుంది. క్లాడ్ షానన్ 1949 నాటి పేపర్లో దీన్ని రుజువుతో సహా రాశాడు. మనిషి చెవి మహా ఐతే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, అదీ చిన్నప్పుడు. డాక్ చేసే పని ఆ ఒక్క గీతని గియ్యడం. ఎవరు గీసినా అదే ముగ్గు రావాలి. చెయ్యి వణికితేనే తేడా.

చెయ్యి వణక్కుండా గియ్యడానికి రెండు పద్ధతులున్నాయి. అన్నయ్య డబ్బాలో ఉన్నది పాత పద్ధతి, ఆర్‌టూఆర్ అంటారు. కిరాణా కొట్లో తూకం రాళ్ళ లాంటిది. కేజీ, అరకేజీ, పావు, అందులో సగం, అలా పదహారు రాళ్ళు. వచ్చిన అంకెని బట్టి ఏ రాళ్ళు తక్కెట్లో పడాలో చూసి వేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, అన్నిటికంటే చిన్నరాయి పెద్దరాయిలో 32,768వ వంతు. పెద్దరాయి తయారీలో అంతపాటి తేడా వచ్చినా చిన్నరాయి ఉండీ లేనట్టే. అందుకే ఇలాంటివి బాగా చెయ్యాలంటే ఖర్చవుతుంది. 1982లో సీడీలు వచ్చిన కొత్తలో ఫిలిప్స్ వాళ్ళు తమ ప్లేయర్లలో 14 బిట్ల చిప్పు పెట్టి, దాన్ని నాలుగింతల వేగంతో నడిపి 16 బిట్ల పని చేయించారు. రెండో పద్ధతి ఆ దారినే ఇంకా ముందుకెళ్ళింది. డెల్టా సిగ్మా అంటారు. ఇందులో పెద్దరాళ్ళుండవు. ఒకటో రెండో చిన్నరాళ్ళని సెకనుకి లక్షలసార్లు వేస్తూ తీస్తూ సగటున సరైన తూకం తెప్పిస్తుంది. ఇవాళ మన ఫోన్లలో, టీవీల్లో ఉన్నవి దాదాపు అన్నీ ఇవే. చిల్లర ఖర్చుతో చాలా శుభ్రంగా చేస్తాయి.

ఎంత శుభ్రంగా? 16 బిట్ల సీడీలో అతిపెద్ద శబ్దానికీ అడుగునున్న సొదకీ మధ్య దూరం 96 డెసిబెల్స్. ఇప్పుడొచ్చే మామూలు డాక్‌లు కూడా దాని దగ్గరకో, దాటో పోతున్నాయి. డాల్బీ లేని కేసెట్టులో అదే దూరం 50 చిల్లర. అంటే పెదనాన్న పాట మొదలవకముందే టేపు తన సొదతో, డాక్ చెయ్యగలిగిన తప్పులన్నిటినీ కప్పేసింది.

కాయితం మీద లెక్క ఇది. రివ్యూలు చదివితే వేరే లోకం. ఈ చిప్పు వెచ్చన, ఆ చిప్పు చలవ, ఇంకోటి వింటే "తెర తొలగినట్టు" ఉందట. మన పుస్తక సమీక్షల్లో "గుండెని తడిమింది" ఎలాగో అక్కడ "తెర తొలగింది" అలాగ. జపాన్‌లో నొబెయోకా ఊళ్ళో ఏకేఎం అనే పేరున్న చిప్పుల కంపెనీ ఫ్యాక్టరీ 2020 అక్టోబర్లో తగలబడింది. వాళ్ళ చిప్పులకి "వెల్వెట్ సౌండ్" అని పేరు. చిప్పులు దొరక్క చాలా కంపెనీలు బోర్డులు మార్చుకుని పోటీదారు ఈఎస్ఎస్ చిప్పులు వేసుకున్నాయి. ఈఎస్ఎస్ అంటే "మిరుమిట్లు గొలిపే, కొంచెం కరకు" శబ్దమని ఫోరమ్‌లలో పేరు. పట్టు నుంచి ఇసుక కాగితంలోకి రాత్రికి రాత్రి మారాల్సినంత పెద్ద తేడా అన్నమాట. ఆ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి, పేర్లు దాచి వింటే ఏమవుతుందన్న కుతూహలం నాకు అప్పటినుంచీ ఉంది.

దాచి విన్నవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ఒక ప్రయోగం అచ్చేశారు. సీడీ కంటే పై స్థాయి రికార్డింగులు వినిపిస్తూ, మధ్యలో చెప్పకుండా ఆ శబ్దాన్ని సీడీ స్థాయి అంకెల్లోకి మార్చి మళ్ళీ వెనక్కి తెచ్చారు. ఎప్పుడు మార్చారో కనిపెట్టమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క కడితే సగటు 52.3 శాతానికి తేలింది. అంటే పూర్తిగా సున్నా అనలేం. డెబ్భై వేలకి తెర తొలగేంత అని కూడా అనలేం.

*

ఒక ఆదివారం పొద్దున్నే అన్నయ్య వాళ్ళింట్లో పరీక్ష పెట్టాం. అభ్యర్థులు ముగ్గురు. ఒకటి, వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా దొరికే ఆపిల్ డాంగిల్. బొటనవేలంత ఉంటుంది. రెండు, ఆఫీసులో స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చిన పన్నెండు వేల ఈఎస్ఎస్ డబ్బా. మూడు, అన్నయ్యది. హెడ్‌ఫోన్స్ నావి, సెన్‌హైజర్ హెచ్‌డీ 600. ఆంప్లిఫయర్ అన్నయ్యది. ఏ డాక్ ఐనా అదే ఆంప్‌లోంచి అవే హెడ్‌ఫోన్స్‌లోకి రావాలి. మధ్యలో ఒక సెలెక్టర్ స్విచ్.

ఇక్కడ అందరూ దాటేసే మెట్టు ఒకటుంది. డాంగిల్ గరిష్ఠంగా ఇచ్చేది ఒక వోల్టు. బల్ల మీద పెట్టే డబ్బాలు సాధారణంగా రెండు వోల్టులిస్తాయి. అంటే ఆరు డెసిబెల్స్ ఎక్కువ. మనిషి చెవికి ఒక గుణముంది: కొంచెం గట్టిగా వినపడేదాన్ని "గట్టిగా ఉంది" అనుకోదు, "బావుంది" అనుకుంటుంది. బాస్ నిండుగా ఉందనీ, వివరాలు తెలుస్తున్నాయనీ అనుకుంటుంది. షాపులో, స్నేహితుల ఇళ్ళల్లో జరిగే పోలికల్లో సగం తీర్పులు వాల్యూమ్ ఇచ్చేవే. అందుకని 300 హెర్ట్జ్ టోన్ ఒకటి వినిపిస్తూ, మల్టీమీటర్ పెట్టి, మూడింటినీ ఒక శాతం తేడా లోపుకి తెచ్చాను. గంట పట్టింది. "పాట వినడానికి వచ్చావా, మీటర్ రీడింగుకి వచ్చావా?" అంది వదిన.

అసలు పని వదినదే. ఆవిడ మా వెనక కూచుని రూపాయి ఎగరేస్తుంది. బొమ్మ పడితే ఒక డాక్, బొరుసు పడితే ఇంకోటి. అదే ఇరవై సెకన్లు, హార్మోనియం ఎత్తుకోవడం నుంచి పద్యం మొదటి పాదం దాకా, ప్రతిసారీ మొదటినుంచి వినిపిస్తుంది. ఏది మోగుతోందో మేం చెప్పాలి. ఆవిడ కాయితం మీద రాసుకుంటుంది, మొహంలో ఏమీ చూపించదు. పదహారుసార్లు. గుడ్డిగా చెప్పినా ఎనిమిది రావాలి. పన్నెండూ అంతకంటే ఎక్కువ గుడ్డిగా రావడం నూటికి నాలుగుసార్లు కూడా జరగదు. కాబట్టి పన్నెండు వస్తే నిజంగా ఏదో వినపడుతోందని ఒప్పుకోవాలని ముందే అనుకున్నాం.

మొదట నేను కూచున్నాను. డాంగిల్, ఈఎస్ఎస్ డబ్బా. ఏడు వచ్చాయి. రూపాయి కంటే నేనే ఒకటి తక్కువ.

తర్వాత అన్నయ్య. డాంగిల్, తన డబ్బా. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది నాది" అన్నప్పుడల్లా గొంతులో అనుమానం లేదు. తొమ్మిది వచ్చాయి.

కాయితం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఇన్నాళ్ళూ నాన్న గొంతు ముందుకొచ్చిందని నేను ఊరికే అనుకున్నానా?" అన్నాడు.

నేను డెసిబెల్స్ గురించి ఏదో ఎత్తుకోబోయాను. వదిన అడ్డొచ్చింది. "ఏవండీ, దీన్లో ఐతే రోజూ రాత్రి పది తర్వాత, లైటు తీసేసి, తలుపేసుకుని వింటారు. ఫోన్లో ఎప్పుడన్నా అలా విన్నారా? బస్సులో పెట్టుకుని, మధ్యలో ఫోనొస్తే ఎత్తుతారు."

నేను ఇప్పటిదాకా చదివిన ఆడియో రివ్యూలన్నిటిలోకీ పనికొచ్చే వాక్యం అదే. డెబ్భై వేలు ఆయన చేత రాత్రి పూట అరగంట కూచోబెట్టించాయి. గొంతు ముందుకొచ్చింది ఆ అరగంటలో.

ఐతే అక్కడితో ఐపోలేదు. అన్నయ్య డబ్బాకి వెనక ఒక మీట ఉంది, నాస్ అంటారు. సాధారణంగా డాక్‌లు చుక్కల మధ్య మరిన్ని చుక్కలు లెక్కగట్టి నింపుకుని గీత గీస్తాయి. ఈ మీట నొక్కితే ఆ పని మానేసి వచ్చిన చుక్కనే తర్వాతి చుక్క దాకా పట్టుకుంటుంది. పోల్చడం సమంగా ఉండాలని నేను దాన్ని ఆపి పెట్టాను. "నేను రోజూ వినేది అది వేసుకునే" అన్నాడు అన్నయ్య. వేసి మళ్ళీ పదహారుసార్లు. ఈసారి పదమూడు. గుడ్డిగా ఐతే నూటికి ఒకసారి.

వదిన కాయితం రెండుసార్లు లెక్కపెట్టింది. అన్నయ్య మొహం చూడాల్సింది.

ఇందులో మాయేమీ లేదు. ఆ మీట నొక్కితే పై శబ్దాలు కొంచెం తగ్గుతాయి. 10,000 హెర్ట్జ్ దగ్గర ముప్పాతిక డెసిబెల్, 20,000 దగ్గర మూడు డెసిబెల్స్ పైన. కేసెట్టు సొద చాలా వరకు ఉండేది ఆ పైనే. సొద ఒక పిసరు తగ్గితే గొంతు ఒక పిసరు ముందుకొచ్చినట్టుంటుంది. యాభై దాటిన చెవులు 12,000 పైన పెద్దగా వినవు కాబట్టి అన్నయ్యకి పట్టించింది ఆ కింది ముక్కే అయ్యుండాలి. వందసార్లు విన్న సొద కాబట్టి పట్టుకున్నాడు. ఏ ఫోన్లోనైనా ఈక్వలైజర్ తెరిచి ఆ చివర కొంచెం కిందికి లాగితే డబ్బు ఖర్చు లేకుండా అదే వస్తుంది. ఆ మాటా చెప్పాను. "తెలిసింది లేవే. కానీ విన్నానా లేదా?" అన్నాడు. విన్నాడు.

*

డాక్‌ల మధ్య నిజంగా వినపడే తేడాలు ఇలాగే ఉంటాయి: చూపించగలిగినవి, పేరు పెట్టగలిగినవి. వాల్యూమ్ ఒకటి. ఇలాంటి ఫిల్టర్ మీటలు ఒకటి. కొన్ని డబ్బాల హెడ్‌ఫోన్ సాకెట్టుకి నిరోధం ఎక్కువగా ఉండి, మూడు నాలుగు డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్ల స్వరం మార్చేస్తాయి. ఇంకోటి మన ఇళ్ళల్లో మామూలే: లాప్‌టాప్ చార్జరు పెట్టగానే హెడ్‌ఫోన్స్‌లో జుయ్‌మని రొద. చాలాసార్లు అది డాక్ జబ్బు కాదు, ఎర్తింగ్ జబ్బు. చార్జరు తీసి బ్యాటరీ మీద వినండి. రొద పోతే కొత్త డాక్ కంటే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఇవేవీ లేనప్పుడు వెయ్యి రూపాయల డాంగిల్ చాలు. నేను దాంతోనే వింటున్నాను. పెరిగిన జీతంలోంచి డాక్ కొనలేదు.

కొన్నది ఒక పాత కేసెట్ డెక్కు, ఒక సన్న స్క్రూడ్రైవరు.

ఆ ఆదివారం అదే ఇరవై సెకన్లు అరవై సార్లు పైన విన్నాక ఒకటి చెవికి తగులుతూ వచ్చింది. సొద పదునుగా ఉంది, గొంతు మొద్దుగా ఉంది. స, శ, చ అన్నీ ఒకేలా పలుకుతున్నాయి. టేపు నిజంగా పాతబడి పై శబ్దాలు పోయుంటే అనుకోవచ్చు. కానీ సొద పదునుగానే ఉండి పాట మాత్రమే మొద్దుబారితే, టేపు మీద గీసిన గీతలకీ చదివే హెడ్డుకీ కోణం కుదరలేదని అర్థం. పందిట్లో పెట్టిన ఆ టూ ఇన్ వన్‌లో హెడ్డు కాస్త ఒరిగి ఉండుంటుంది. 2009లో షాపు వాళ్ళ డెక్కులో హెడ్డు నిటారుగా ఉండుంటుంది. ఒరిగినచోట రాసినదాన్ని ఒరిగే చదవాలి. ఇరవై సెకన్లలోపు ఐపోయే పని, హెడ్డు పక్కన ఒక్క మర. షాపులో అది ఎవరూ తిప్పలేదు.

అంటే మేం మూడు డాక్‌లు పెట్టి, రూపాయి ఎగరేసి, అంకెల్ని శబ్దంగా మార్చే చివర తేడా వెతుకుతున్నాం. పోయిందంతా శబ్దాన్ని అంకెలుగా మార్చిన మొదట్లోనే పోయింది. చివరి గుమ్మం ఎంత పెద్దది పెట్టినా, ఇంట్లోకి రానివాళ్ళు బయటికి రారు కదా.

కేసెట్టు ఊళ్ళో ఇనప్పెట్టెలో ఉంది. టేపుని హెడ్డుకి నొక్కిపెట్టే చిన్న ప్యాడ్ ఊడిపోయింది. అన్నయ్యే కూచుని, వేరే కేసెట్టు విప్పి, ఆ పెంకులోకి ఈ రీళ్ళు మార్చాడు. ఎడమ, కుడి రెండూ కలిపి మోనోలో వింటూ నేను మర తిప్పాను. అలా వింటే కోణం తప్పినప్పుడు గొంతు దుప్పట్లోకి పోతుంది, కుదిరినప్పుడు బయటికొస్తుంది. పావు చుట్టు కూడా తిప్పలేదు. స అన్నది స అయింది. హార్మోనియం తిత్తి ఊపిరి తీసుకోవడం వినపడింది. ఇది కనిపెట్టడానికి రూపాయి ఎగరెయ్యక్కర్లేదు.

ఇంకోటి కూడా వినపడింది. మూడో పద్యం ముందు పెదనాన్న ఆగుతాడు. పాత ఫైల్లో అక్కడ నాలుగు సెకన్ల నిశ్శబ్దం. కాటి సీనులో ఆ ఆగడమే గొప్ప అని మా వాళ్ళందరూ చెప్పుకునేవారు. భార్యని గుర్తుపట్టిన హరిశ్చంద్రుడికి మాట రాదు, అది నటన అని. కొత్త ఫైల్లో ఆ నాలుగు సెకన్లలో తెర పక్కనుంచి ఎవరో గుసగుసగా పద్యం ఎత్తుగడ అందిస్తున్నారు. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి, కాస్త కంగారుగా. గుసగుస అంటే అంతా పై శబ్దాలే. మొద్దుబారిన టేపులో ముందు చచ్చిపోయేది అదే.

అన్నయ్య హెడ్‌ఫోన్స్ తీసి నావైపు చూశాడు. "నాన్న మర్చిపోయాడే!" అన్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు. ఆయన నవ్వుతున్నది పదమూడు వచ్చినప్పటి నవ్వు కాదు. అంత పెద్ద హరిశ్చంద్రుడు, పద్యం మర్చిపోయి నిలబడిపోయిన నలభై ఏళ్ళ మనిషి. అన్నయ్యకి ఇప్పుడు అంతకంటే పదేళ్ళు ఎక్కువ.

ఆయన ఇప్పటికీ ఆ ఇటుకరాయిలోంచే వింటాడు, మీట నొక్కుకునే. నేను డాంగిల్‌లోంచి వింటాను. ప్రాంప్టరు ఇద్దరికీ సమానంగానే వినపడుతున్నాడు. ఇనప్పెట్టెలో ఇంకా పదకొండు కేసెట్లున్నాయి, కొన్నిటి మీద పేర్లు కూడా చెరిగిపోయాయి. ఈ వేసవిలో ఆ పని పూర్తిచెయ్యాలి. డాక్‌లు వచ్చే ఏడాది ఇంకా చవగ్గా, ఇంకా మంచివి వస్తాయి. టేపులు రావు.